ఎమరాల్డ్ కోర్ట్ కేసు: తొమ్మిది మీటర్ల సందు దగ్గర ఓడిన రెండు టవర్లు

2022 ఆగస్టు 28, ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు నోయిడా సెక్టర్ 93ఏలో, సూపర్‌టెక్ అనే బిల్డర్ కట్టిన ఎమరాల్డ్ కోర్ట్ సముదాయంలో, అపెక్స్, సియాన్ అనే రెండు టవర్లు సుప్రీంకోర్టు తీర్పు మేరకు కొన్ని సెకన్లలో కుప్పకూలాయి. సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థం, పిల్లర్లలో తొమ్మిది వేలకు పైగా రంధ్రాలు, వాటి వెనకాల దుమ్ము మేఘం. ఆ వీడియో చూడనివాళ్లు తక్కువ, దాని ఫైలు చదివినవాళ్లు అంతకంటే తక్కువ. పక్కన కొత్త బ్లాకు లేస్తుంటే ఏం చేయాలో తోచని అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు పనికొచ్చేది ఆ ఫైలే.

ఆ సముదాయంలోని పాత టవర్ల నివాసులు కేసు గెలిచింది రెండే రెండు పాయింట్ల మీద. ఒకటి, రెండు భవనాల మధ్య ఉండాల్సిన దూరం. రెండు, ప్లాన్ మార్చడానికి ఫ్లాట్లు కొన్నవాళ్ల సమ్మతి. వెలుతురు పోతుంది, ఊపిరాడదు, గేటు దగ్గర కార్లు ఆగిపోతాయి, వ్యూ పోతుంది అన్నవన్నీ నిజమే కావచ్చు. కానీ కొలతగా, సెక్షన్‌గా మారని కష్టాన్ని కోర్టు తూచలేదు. ‘వెలుతురు పోతుంది’ అన్న మాట ‘నిబంధన ప్రకారం 16 మీటర్లు ఉండాలి, ఉన్నది 9’ అని మారిన రోజే కేసుకు కాళ్లొచ్చాయి.

ప్లాన్ ఎలా మారుతూ వచ్చింది

2004 నవంబరులో నోయిడా అథారిటీ (అక్కడ నేల కేటాయించి, ప్లాన్లకు అనుమతిచ్చే సంస్థ) సెక్టర్ 93ఏలోని ప్లాట్ నంబర్ 4ను గ్రూప్ హౌసింగ్ కోసం సూపర్‌టెక్‌కు కేటాయించింది. 2005 జూన్ 20న వచ్చిన మొదటి అనుమతి 14 టవర్లకు, ఒక్కోటి గ్రౌండ్ ప్లస్ తొమ్మిది అంతస్తులు. 2006 జూన్‌లో ఆనుకుని ఉన్న మరికొంత నేల అదే లీజులో కలిసింది. దాంతో మొత్తం 54,819.51 చదరపు మీటర్లయింది.

2006 డిసెంబరు 29న మొదటి సవరణ వచ్చింది. 14 టవర్లూ గ్రౌండ్ ప్లస్ పదకొండు అయ్యాయి, పదిహేనో టవర్ చేరింది, ఒక చిన్న షాపింగ్ కాంప్లెక్స్ (గ్రౌండ్ ప్లస్ ఒకటి) చేరింది. టవర్ 1 పక్కన గార్డెన్ కనిపించేది ఈ ప్లాన్‌లోనే. 2009 నవంబరు 26 నాటి రెండో సవరణలో షాపింగ్ కాంప్లెక్స్ పోయింది, గార్డెన్ పోయింది, ఆ జాగాలో టవర్ 16, టవర్ 17 వచ్చాయి, గ్రౌండ్ ప్లస్ 24 అంతస్తులతో. అవే అపెక్స్, సియాన్. 2012 మార్చి 2న మూడో సవరణ వాటిని గ్రౌండ్ ప్లస్ 40కి పెంచింది, ఎత్తు 121.5 మీటర్లు. అదనపు ఎఫ్‌ఏఆర్ (ప్లాట్ విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే నిష్పత్తి) కొనుక్కునే వెసులుబాటు వచ్చాక జరిగిన మార్పు ఇది. ఎఫ్‌ఏఆర్ కొనుక్కుంటే ఎక్కువ విస్తీర్ణం కట్టుకునే హక్కు వస్తుంది తప్ప, పక్క భవనానికి దగ్గరగా కట్టుకునే హక్కు రాదు. ఈ తేడాను బిల్డర్లే కాదు, అసోసియేషన్ సభ్యులూ తరచూ మరిచిపోతారు. ‘వాళ్లు డబ్బు కట్టారట, ఇక చేసేదేముంది’ అని కూర్చుంటారు.

ఇలాంటి వివాదంలో మొదటి పని, ఒక్కో సవరణనూ అదే స్కేలుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం. ప్లాట్ మూలలు కదలవు కాబట్టి వాటిని ఆనవాలుగా పెట్టుకోవాలి. ప్రతి ప్లాన్‌కీ రాసుకోవాల్సినవి కొన్నే: అనుమతి తేదీ, ఆ తేదీన అమల్లో ఉన్న భవన నిబంధనలు, ప్రతి బ్లాకు ఎత్తు, పక్క బ్లాకుకు దూరం, మొత్తం ఫ్లాట్లు, ఖాళీగా చూపిన జాగా. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు జిరాక్స్ కాపీ మీద స్కేలు పెట్టి కొలవడం. కాపీ తీసేటప్పుడు కాగితం కాస్త కుదించుకున్నా తొమ్మిది మీటర్లు ఎనిమిదిన్నర అవుతుంది, అవతలి వకీలు ఆ అర మీటరు పట్టుకుని మీ లెక్క మొత్తం చెత్త అంటాడు. ప్లాన్ మీద అంకెల్లో రాసిన కొలతనే తీసుకోవాలి. ఆ తర్వాత లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో సైటులో గోడ నుంచి గోడకు కొలిపించి, సంతకంతో రిపోర్టు తీసుకోవాలి. బాల్కనీ, ఛజ్జా ఆ లెక్కలోకి వస్తాయో రావో మీ ఊరి నిబంధనలో చదివాకే కొలిపించండి.

బిల్డర్ వద్దన్నాడని ఇవ్వని కాగితం

నివాసులు ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద నోయిడా అథారిటీని ప్లాన్లు అడిగారు. అథారిటీ ఏం చేసిందంటే, ఇవ్వమంటారా అని బిల్డర్‌ను అడిగింది. బిల్డర్ వద్దన్నాడు. అథారిటీ ఇవ్వలేదు. సుప్రీంకోర్టు తీర్పులో అథారిటీకి గట్టిగా తగిలిన అంశాల్లో ఇదొకటి. అనుమతి ఇచ్చిన సంస్థ బిల్డర్‌తో కుమ్మక్కైందన్న నిర్ధారణకు ఇలాంటి ఉత్తరప్రత్యుత్తరాలే ఆధారమయ్యాయి. అంటే తిరస్కరణ కాగితం కూడా సాక్ష్యమే. దాన్ని విసుగుతో పారేయకూడదు.

ఆర్టీఐ చట్టం సెక్షన్ 11 మూడో వ్యక్తిని, అంటే ఇక్కడ బిల్డర్‌ను, అడగమంటుంది, నిజమే. అయిదు రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఆ వ్యక్తికి అభ్యంతరం చెప్పుకోవడానికి పది రోజులు ఉంటాయి. కానీ నిర్ణయం సమాచార అధికారిదే. బిల్డర్ ‘వద్దు’ అనడం వీటో కాదు. మామూలు దరఖాస్తుకు గడువు 30 రోజులు, మూడో వ్యక్తి వ్యవహారమైతే 40. జవాబు రాకపోయినా, కాదన్నా 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లో రెండో అప్పీలు. ఈ తేదీలు అసోసియేషన్‌లో ఒక్కరి చేతిలో ఉండాలి. కమిటీ మొత్తానికి అప్పగిస్తే ఎవరి చేతిలోనూ లేనట్టే.

‘ప్రాజెక్టుకు సంబంధించిన సమస్త వివరాలు’ అని రాస్తే ఏమీ రాదు. ఒక్కో పత్రం పేరుపెట్టి అడగాలి: అనుమతి పొందిన ప్రతి ప్లాన్, సవరణలతో సహా, అనుమతి ఉత్తర్వులు, వాటి షరతులు, ఫైలులోని నోటు పేజీలు, అగ్నిమాపక శాఖతో నడిచిన ఉత్తరాలు, లీజు దస్తావేజు, పూర్తయిన బ్లాకుల కంప్లీషన్ సర్టిఫికెట్లు, సమ్మతి తీసుకున్నామని బిల్డర్ పెట్టిన పత్రాలు. నోటు పేజీలు తప్పనిసరి. ఏ ఇంజనీరు దేన్ని ప్రశ్నించాడో, ఎవరు ఆ ప్రశ్న మీద గీత గీసి ముందుకు పంపారో అక్కడే తెలుస్తుంది. సెక్షన్ 2 ఫైలును వెళ్లి చూసే హక్కు కూడా ఇస్తుంది. ముందు చూసి, తర్వాత కావాల్సిన పేజీలకే సర్టిఫైడ్ కాపీ అడగడం తెలివైన పద్ధతి.

అగ్నిమాపక అధికారి ఉత్తరాల సంగతి ఈ కేసులో ప్రత్యేకంగా గమనించాలి. దూరం చాలదన్న ప్రశ్న అటు నుంచి కూడా వచ్చింది, అథారిటీ దాన్ని పట్టుకుని చివరిదాకా నడపలేదు. నివాసుల ఆరోపణ నివాసుల నోట వినపడటం వేరు, ప్రభుత్వ శాఖ ఉత్తరంలో కనపడటం వేరు.

తొమ్మిది మీటర్ల లెక్క

టవర్ 1కీ, టవర్ 17కీ మధ్య సందు 9 మీటర్లు. దీని మీద పెద్దగా తగాదా లేదు. తగాదా అంతా ఎంత ఉండాలన్న దాని మీదే.

రెండో సవరణ నాటికి అమల్లో ఉన్నవి నోయిడా 2006 నిబంధనలు. వాటి ప్రకారం పక్కపక్క బ్లాకుల మధ్య దూరం, అందులో పొడుగైన భవనం ఎత్తులో సగానికి తగ్గకూడదు. దీన్ని తిరగేసి చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. 9 మీటర్ల సందు సరిపోవాలంటే పొడుగైన భవనం 18 మీటర్లు దాటకూడదు. 18 మీటర్లలో 24 అంతస్తులు ఎలా పడతాయి?

2010లో నిబంధన మెత్తబడింది. 18 మీటర్ల ఎత్తు వరకు 6 మీటర్ల దూరం చాలు. ఆ పైన ప్రతి 3 మీటర్ల ఎత్తుకూ 1 మీటరు కలుపుకుంటూ పోవాలి, గరిష్ఠంగా 16 మీటర్లు. 9 మీటర్ల సందు 27 మీటర్ల భవనానికి సరిపోతుంది. 48 మీటర్లు చేరేసరికి 16 మీటర్లు కావాలి. 121.5 మీటర్ల టవర్‌కు 16కు తక్కువ అయ్యే దారే లేదు. పాత నిబంధన చూసినా, కొత్త నిబంధన చూసినా 9 నిలబడదు. ఏ నిబంధన వర్తిస్తుందన్న చర్చలో మీరు ఓడినా కేసు గెలిచేలా లెక్క కట్టుకోవడం అంటే ఇదే.

బిల్డర్ దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది, నిబంధనలోనే ఉన్న మినహాయింపు: బ్లాకుల ‘డెడ్ ఎండ్’ వైపులు, అంటే గుడ్డిగోడలు, ఎదురెదురుగా ఉంటే 16కు బదులు 9 చాలు. కోర్టు దీన్ని ఒప్పుకోలేదు. ఆ మినహాయింపు దక్కాలంటే రెండు భవనాల గుడ్డి వైపులూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, ఒక్క వైపు గోడ మూసి ఉంటే చాలదు. ఇలాంటి వాదన వస్తుందని ముందే తెలిస్తే చేయాల్సింది సులువు. ఆ సందులోకి తెరుచుకునే ప్రతి కిటికీ, వెంటిలేటర్, బాల్కనీ తలుపు ఫొటో తీసి, ఫ్లాట్ నంబర్, తేదీతో జాబితా కట్టాలి. కింద నిలబడి తీసిన ఒక్క ఫొటో పనికిరాదు, ఏ అంతస్తు ఏదో తెలియదు.

రెండో జవాబు మరీ తెలివైనది. టవర్ 1, టవర్ 17 వేర్వేరు భవనాలే కావట, రెండూ కలిపి ఒకే బ్లాకట. ఒకే బ్లాకులో దూరం ప్రశ్నే రాదు. రెంటినీ పైన ఒక స్పేస్ ఫ్రేముతో, అంటే చట్రంలాంటి కట్టడంతో, కలిపినట్టు చూపించారు. కోర్టు దీన్ని తర్వాత పుట్టించిన వాదనగా చూసింది. అయితే సమ్మతి దగ్గరికొచ్చేసరికి ఇదే బిల్డర్ 16, 17 టవర్లు వేరే దశ అన్నాడు, వాటి గేటు వేరు, వసతులు వేరు, పాత కొనుగోలుదారులను అడగనక్కర్లేదు అన్నాడు. దూరానికి ఒకటే, సమ్మతికి వేరు! అవతలివాళ్ల అఫిడవిట్లు చదివేటప్పుడు ఒక్కో పేరా విడిగా ఖండించడం కంటే, ఒక పేజీలో చెప్పింది ఇంకో పేజీలో దేన్ని కొడుతోందో వెతకడం లాభం.

సమ్మతి

రెండు టవర్లలో కలిపి 915 ఫ్లాట్లు, 21 షాపులు. అవన్నీ అదే నేల మీద, అదే లీజు కింద. ఫ్లాట్ కొన్నవాడికి గోడల మధ్య జాగాతో పాటు నేలలో, కామన్ ఏరియాలో అవిభాజ్య వాటా వస్తుంది. వంద సమానమైన ఫ్లాట్లు ఉన్నచోట ఒక్కొక్కరి వాటా ఒక శాతం. ఇంకో యాభై చేరితే అది 0.67 శాతానికి పడిపోతుంది. ఎవరూ మీ ఇంట్లోకి రాకుండానే నేలలో మీ వాటాలో మూడో వంతు కరిగిపోయింది. ఉత్తరప్రదేశ్ అపార్ట్‌మెంట్ చట్టం, 2010 ఈ వాటాను యజమానులందరి సమ్మతి లేకుండా మార్చకూడదంటుంది, ప్లాన్ మార్చాలన్నా కొనుగోలుదారుల ముందస్తు సమ్మతి ఉండాలంటుంది. రెండో సవరణ నాటికి ఉన్న ఆ రాష్ట్ర 1975 చట్టం ప్రకారం కూడా సమ్మతి కావాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది.

దీనికి సాక్ష్యం నివాసుల బీరువాల్లోనే ఉంది. బ్రోచర్, అలాట్‌మెంట్ లెటర్, అగ్రిమెంట్‌కు జతచేసిన లేఅవుట్, సేల్ డీడ్‌లో రాసిన వాటా. మొదట కొన్నవాళ్ల దగ్గరి బ్రోచర్లు ముఖ్యం, ఎందుకంటే గార్డెన్ కనిపించేది వాటిలోనే. ఇల్లు మారేటప్పుడు ఇవే ముందు చెత్తలోకి పోతాయి. వివాదం వాసన రాగానే అసోసియేషన్ ఒక వారం పెట్టుకుని ప్రతి ఫ్లాట్ నుంచి ఇవి స్కాన్ చేయించుకోవాలి.

కోర్టులో నడిచిన తీరు

అసోసియేషన్ 2012లో అలహాబాద్ హైకోర్టుకు వెళ్లింది. 2014 ఏప్రిల్ 11న హైకోర్టు రెండు టవర్లనూ కూల్చమంది, కొన్నవాళ్లకు 14 శాతం వడ్డీతో డబ్బు వాపసు ఇమ్మంది. మే నెలలో సుప్రీంకోర్టు యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చింది. అక్కడి నుంచి తీర్పుకు ఏడేళ్లు. 2021 ఆగస్టు 31న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం కూల్చివేతను ఖాయం చేసింది. మూడు నెలల గడువు, ఖర్చు బిల్డర్‌ది, పర్యవేక్షణ రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ)ది, కొనుగోలుదారులకు 12 శాతం వడ్డీ, అసోసియేషన్‌కు రెండు కోట్ల రూపాయలు.

అప్పటికీ ఆగలేదు. టవర్ 17లో 224 ఫ్లాట్ల మేర కొంత భాగమే తీసేస్తాం, మిగతాది ఉంచండి అని బిల్డర్ మళ్లీ దరఖాస్తు పెట్టాడు. దూరం సమస్య తీరిపోతుంది కదా అన్నది లెక్క. 2021 అక్టోబరు 4న కోర్టు కొట్టేసింది. నివాసులు ఒక్క దూరం మీదే కేసు నడిపి ఉంటే ఈ బేరం ఎంత ప్రమాదమో ఊహించండి. భవనాన్ని చెక్కి 16 మీటర్లు చేయవచ్చు, రాని సమ్మతిని చెక్కి తేలేరు. రెండు కాళ్ల మీద నిలబడటం ఇక్కడ అక్కరకొచ్చింది.

ఆలస్యం విషయంలో మాత్రం ఈ కేసును ఆదర్శంగా తీసుకోవద్దు. ప్లాన్ మారింది 2009లో, హైకోర్టులో రిట్ పిటిషన్ పడింది 2012లో. ఆ వ్యవధి మనకూ ఉంటుందని ధీమా పడకూడదు. రిట్ విచారణలో ఆలస్యమే మొదటి అభ్యంతరం, అసోసియేషన్ తీర్మానం సరిగా లేదన్నది రెండోది. సర్వసభ్య సమావేశం నోటీసు, హాజరు, తీర్మానం, ఎవరు సంతకం చేయాలో అధికారం ఇవ్వడం, ఇవి మినిట్స్ పుస్తకంలో కోర్టుకు వెళ్లకముందే ఉండాలి. పక్కనే పని నడుస్తుంటే ప్రతి స్లాబు పడిన రోజు ఒకే చోటు నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. ‘మీరు వచ్చేసరికే కట్టడం అయిపోయింది’ అన్న మాటకు అదే జవాబు.

దెబ్బతిన్నది బిల్డర్ ఒక్కడే కాదు. ఆ టవర్లలో డబ్బు కట్టినవాళ్లూ ఉన్నారు. 2022 మార్చిలో కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలయ్యాక వాపసు ఇంకా చిక్కుపడింది. అందుకే అభ్యంతరం పునాది దశలో తెలిపి, ఆ ఉత్తరం కాపీ రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) కూడా పంపితే, కొత్తగా కొనేవాళ్లకూ మేలే.

మీ కాలనీకి ఎంతవరకు సరిపోతుంది

కొత్త బ్లాకు మీ గేటెడ్ కమ్యూనిటీ నేలలోనే వస్తుంటే సమ్మతి వాదన మీదే. ఇప్పుడు దానికి కేంద్ర చట్టమే ఉంది. రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం లేఅవుట్, ప్లాన్, కామన్ ఏరియా మార్చాలంటే బిల్డర్‌ను మినహాయించి మూడింట రెండొంతుల మంది అలాటీల (ఫ్లాట్లు కేటాయింపు పొందినవాళ్ల) రాతపూర్వక సమ్మతి కావాలి. ఒకరికి పది ఫ్లాట్లున్నా ఓటు ఒక్కటే.

ప్రహరీ అవతల వేరేవాళ్ల నేలలో వస్తుంటే సమ్మతి మాట ఎత్తకండి, అది మీకు లేదు. అప్పుడు మిగిలేవి సెట్‌బ్యాక్ (ప్లాట్ హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ), ఎదుటి రోడ్డు వెడల్పు, ఫైరింజన్ తిరిగే దారి, చెరువు, నాలా పక్కన వదలాల్సిన బఫర్. వీటికి భవన నిబంధనలైన తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119, వాటి తర్వాతి సవరణలతో కలిపి చదువుకోవాలి. లేఅవుట్‌లో పార్కుగా చూపిన జాగాలో కడుతుంటే ఇంకా బలం ఉంది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది, చుట్టుపక్కలవాళ్లకు కోర్టుకు వెళ్లే హక్కు ఉందని తేల్చింది.

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. ఒక్క భవన సముదాయం అయితే దీనికి బహిరంగ విచారణ ఉండదు, మిమ్మల్ని ఎవరూ పిలవరు. పర్యావరణ అనుమతుల వివరాలుండే ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో మీరే చూస్తూ ఉండాలి. అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60. ఆ పైన ఒక్కరోజు కూడా లేదు.

నిబంధనల్లో ప్రతి కొలతా సరిపోతే ఆ భవనం వస్తుంది. అప్పుడు వకీలుకు పెట్టే డబ్బు కంటే అనుమతి షరతుల మీద పెట్టే శ్రద్ధ ఎక్కువ ఫలితమిస్తుంది: సెల్లారు తవ్వేటప్పుడు మీ ప్రహరీకి ఆసరా, పని వేళలు, లారీల దారి, మురుగు ఎక్కడ కలుస్తుంది.

చివరిగా సంతకాల విషయం. సమ్మతి ఫారం తీసుకుని బిల్డర్ మనిషి తలుపు తడతాడు. అందులో సవరించిన ప్లాన్ నంబర్, తేదీ, ఏ బ్లాకు ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు, మీ వాటా ఎంత నుంచి ఎంతకు తగ్గుతుంది అన్నవి రాసి లేకపోతే అది దేనికి సమ్మతో ఎవరికీ తెలియదు. అగ్రిమెంట్‌లో ముందే రాయించుకున్న ‘భవిష్యత్తు మార్పులన్నింటికీ ఒప్పుకుంటున్నాం’ అనే గంపగుత్త క్లాజును చూపించి భయపెడితే, మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద మధువిహార్ సొసైటీ కేసులో 2010లో బాంబే హైకోర్టు అలాంటి క్లాజు సమ్మతి కాదని చెప్పిందని మీ వకీలుకు గుర్తుచేయండి. ఖాళీలు వదిలిన ఫారం మీద మాత్రం సంతకం పెట్టకండి, దాని ఫొటో తీసి తేదీ వేసి ఫైలులో పెట్టండి.